ఏసీ 24కి పెడితే గది 32 దగ్గరే ఆగిపోతోంది: సెన్సరా, బోర్డా?

ఒంగోలు, పై అంతస్తు. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, నాలుగేళ్లది. వారం నుంచి ఇదే వరస. 24కి పెడితే గది 34 నుంచి 32కి రాగానే బయటి యూనిట్ ఆగిపోతుంది, లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. 18కి పెడితే మాత్రం 26 వరకు బాగానే చల్లబడుతుంది. అంటే లెక్క ఎప్పుడూ 8 డిగ్రీలు తేడా. గోడ థర్మామీటర్లు రెండు పెట్టి చూశాను, రెండూ ఒకటే చెప్పాయి.

ఫిల్టర్లు కడిగాను. వోల్టేజీ 225 ఉంది. రిమోట్‌లో ఐ ఫీల్ (రిమోట్ ఉన్న చోటి వేడిని బట్టి ఏసీ నడిచే సదుపాయం) ఆపేశాను. మెకానిక్ వచ్చి గ్యాస్ తక్కువన్నాడు, నింపాడు, డబ్బులు పోయాయి గానీ మార్పు లేదు. (గ్యాస్ తక్కువైతే 18లో మాత్రం ఎలా చల్లబడుతుందో!)

రూమ్ సెన్సర్ (గది వేడిని కొలిచేది) ఊడదీసి మల్టీమీటర్ పెడితే 31 డిగ్రీల దగ్గర 11.2 కిలో ఓమ్స్ చూపింది. అది 10 కె రకమైతే (అంటే 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ చూపేది) 7.7 దాకా రావాలి, కాబట్టి సెన్సర్ పోయినట్టే. 15 కె అయితే 11.5 రావాలి, అప్పుడు సెన్సర్ బాగానే ఉండి, ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డు పోయినట్టు. దాని మీద ఏ అంకే లేదు.

బోర్డు కొనకముందే, ఈ సెన్సర్ 10 కెనా 15 కెనా అని ఇంట్లోనే తేల్చుకునే దారేమిటండీ?