ఫైల్ మనమే మూయాలా, పైథాన్‌కి వదిలేయొచ్చా?

గుండుసూది:
మా లాగ్ స్క్రిప్టు ఒకే వరుసలో ఫైల్ తెరిచి, రాసి, ఊరుకుంటుంది. క్లోజ్ లేదు. పైథాన్ కోడు నడిపే మామూలు ఇంటర్‌ప్రెటర్ సీపైథాన్‌లో ఏళ్లుగా బాగానే నడిచింది. వేగం కోసం పైపై (PyPy) అనే ఇంకో ఇంటర్‌ప్రెటర్‌కి మార్చాం. ప్రోగ్రాం నడుస్తుండగా ఫైల్ తెరిచి చూస్తే ఖాళీ! అదే భాష, అదే కోడు. తప్పు పైపైదే అంటాను.

పాతచింతకాయ:
ఫైల్‌ని వెంటనే తానే మూస్తానని భాష ఎప్పుడు మాటిచ్చిందండీ? సీపైథాన్ ప్రతి ఆబ్జెక్టునీ ఎందరు పట్టుకున్నారో లెక్క రాసుకుంటుంది. లెక్క సున్నా కాగానే అక్కడికక్కడే తీసేస్తుంది, దాంతో ఫైలూ మూతపడుతుంది. పైపైకి ఆ లెక్కే లేదు, చెత్త (ఎవరూ పట్టుకోని ఆబ్జెక్టులు) ఊడ్చే వంతు వచ్చినప్పుడే చూస్తుంది. అప్పటిదాకా మీరు రాసింది ఫైల్‌కి చేరకుండా బఫర్ అనే తాత్కాలిక మెమరీలోనే. జావా నడిచే జేవీఎం మీదే నడిచే పైథాన్ రకం జైథాన్‌దీ అదే తీరు. ఊడ్చడం వాయిదా వేయొచ్చు, అసలు మానేయొచ్చు అని పైథాన్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

గుండుసూది:
కాగితం మీద సరే. ఎక్కువమంది వాడేది సీపైథానే కదా? ఆబ్జెక్టు పోగానే దానంతటదే నడిచే సీప్లస్‌ప్లస్ డిస్ట్రక్టర్‌ని నమ్మినట్టే దీన్నీ నమ్ముతాం.

పాతచింతకాయ:
అక్కడా పూర్తి భరోసా లేదు. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుంటే లెక్క సున్నాకి రాదు, ఇలాంటి చక్రాల్ని వెతికే సైకిల్ కలెక్టర్ వచ్చి విడదీయాలి. పైథాన్ 3.4కి ముందు ఆ చక్రంలో డెల్ మెథడ్ (ఆబ్జెక్టు పోయేముందు నడిచే కోడు) ఉన్న ఆబ్జెక్టు ఉంటే కలెక్టర్ కూడా చెయ్యి పెట్టేది కాదు, పక్కన జాబితాలో పడేసేది. పెప్ 442 అనే పైథాన్ మార్పు ప్రతిపాదనతో ఆ పీడ విరగడైంది. ఇంకోటి: ఎర్రర్ వచ్చినప్పుడు ట్రేస్‌బ్యాక్‌ని (ఎర్రర్ ఏ దారిన వచ్చిందో చూపే రికార్డుని) ఎక్కడైనా దాచుకున్నారా, ఆ ఫంక్షన్‌లో తెరిచిన ఫైలూ దాంతోపాటే బతికి ఉంటుంది. సీపైథాన్‌లోనే!

కాఫీగింజ:
జావావాళ్లం ఈ పాఠానికి ఫీజు కట్టేశాం. ఆబ్జెక్టు పోయేముందు నడవాల్సిన ఫైనలైజ్ మెథడ్‌ని జావా ఎప్పుడు పిలుస్తుందో, అసలు పిలుస్తుందో లేదో తెలీదు. పైగా అందులో దిస్‌ని (అంటే ఆ ఆబ్జెక్టునే) ఎక్కడైనా దాస్తే చచ్చిన ఆబ్జెక్టు లేచి కూర్చుంటుంది. 2017లో జావా 9 దాన్ని వాడొద్దంది, జావా 18 తీసేయబోతున్నామంది. పని అవగానే ఫైల్‌ని మూసేసే ట్రై-విత్-రిసోర్సెస్ అలవాటైతే దాని గుర్తే రాదు.

గుండుసూది:
సరే, బ్లాకు దాటగానే ఫైల్ మూసే పైథాన్ విత్ బ్లాకులు పెడతాను. కానీ పైపై ఒక్క ముక్కయినా చెప్పొచ్చుగా? నోరు మూసుకుని కూర్చుంది.

పాతచింతకాయ:
అడిగితే చెబుతుంది. కమాండ్‌లో పెద్ద ఎక్స్‌తో ట్రాక్-రిసోర్సెస్ ఆప్షన్ (-X track-resources) ఇచ్చి నడపండి. మీరు మూయని ఫైల్‌ని కలెక్టర్ మూసినప్పుడు హెచ్చరిస్తుంది, దాన్ని ఎక్కడ తెరిచారో కూడా చూపిస్తుంది.

గుండుసూది:
నడిపాను. పదిహేడు చోట్ల. పన్నెండు నేను రాసినవే.