కేబుల్ కలపగానే వైఫై మొత్తం పడిపోతోంది, లూప్ ఆపే ఎస్‌టీపీ పెట్టాలా?

హాస్టల్_గుంటూరు:
మాది మూడంతస్తుల హాస్టల్. అంతస్తుకొక యాక్సెస్ పాయింట్, అన్నింటిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (లైనక్స్ మీద నడిచే రౌటర్ సాఫ్ట్‌వేర్). పైవి రెండూ కింది దానికి డబ్ల్యూడీఎస్ అనే వైర్‌లెస్ లింకుతో గాల్లోనే కలిసుంటాయి. మొన్న ఎలక్ట్రీషియన్ పై అంతస్తుకి కేబుల్ లాగి కింద స్విచ్‌లో పెట్టాడు. అంతే, స్విచ్ లైట్లన్నీ టకటకా కొట్టుకున్నాయి, నెట్ చచ్చిపోయింది. కేబుల్ పీకితే మామూలే. కేబుల్ వాడుతూ గాలి దారిని బ్యాకప్‌గా ఉంచుకోలేమా?

తీగలాగుడు:
ఉంచుకోవచ్చండి. ఇది లూప్, అంటే కేబుల్ దారీ గాలి దారీ కలిసి చక్రంలా అయిపోయాయి. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అనే ఆయుష్షు లెక్క ఉంటుంది, కొంత తిరిగాక పోతుంది. దాన్ని మోసే ఈథర్నెట్ ఫ్రేమ్‌కి అది లేదు. ఏదో ఒక ఫోన్ ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ (‘ఈ ఐపీ ఎవరిది?’ అని అందరికీ వేసే కేక) వదిలితే చాలు, కేబుల్లో ఎక్కి గాల్లో దిగుతూ తిరుగుతూనే ఉంటుంది.

మూడింట్లోనూ బ్రిడ్జ్‌కి (వైరు, వైఫై పోర్టుల్ని కలిపే భాగానికి) ఎస్‌టీపీ ఆన్ చేయండి. 1985లో డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టింది ఇదే, ఇప్పటికీ అన్నం పెడుతోంది. మొదట ప్రతి బ్రిడ్జూ ‘నేనే రూట్ (అన్నిటికీ మూలం)’ అంటూ బీపీడీయూ అనే చిన్న సందేశం పంపుతుంది. తనకన్నా చిన్న ఐడీ వినగానే ఊరుకుంటుంది. ఐడీలో ముందు ప్రయారిటీ చూస్తారు, అది సమానమైతే మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ నంబరు). అదృష్టానికి వదలకండి, కింది దానికి చిన్న ప్రయారిటీగా 4096 పెట్టండి.

రూట్ తేలాక ఒక్కొక్కటీ అక్కడికి తక్కువ కాస్ట్ దారి (వేగం ఎక్కువైతే కాస్ట్ తక్కువ) ఉంచుకుని, లూప్ అయ్యేదాన్ని మూసేస్తుంది. గిగాబిట్ వైరు కాస్ట్ పాత లెక్కలో 4. వైఫై వేగం లైనక్స్ బ్రిడ్జ్‌కి తెలియదు కాబట్టి 100 వేసేస్తుంది. మీకు కావలసింది కూడా అదే. ఆగేది పై అంతస్తు డబ్ల్యూడీఎస్ పోర్టు ఒక్కటే, అక్కడి ఫోన్లు పట్టుకునే వైఫై వేరే పోర్టు, దానికేమీ కాదు.

నైట్‌షిఫ్ట్:
మధ్యలో ఉన్న స్విచ్ ఏ రకం? కొన్ని బీపీడీయూలను దాటనివ్వవు. అప్పుడు ఎస్‌టీపీ పెట్టినా లూప్ లూపే. పై అంతస్తులో కేబుల్ వచ్చే పోర్టు మీద టీసీపీడంప్ (వచ్చే ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి చూడండి.

హాస్టల్_గుంటూరు:
స్విచ్ దాటనిస్తోంది, బీపీడీయూలు కనిపించాయి. పైన డబ్ల్యూడీఎస్ పోర్టు ‘బ్లాకింగ్’ అని చూపిస్తోంది. కేబుల్ పీకి చూశా, కాసేపు ఆగి గాల్లోంచి నెట్ వచ్చింది. ఆ కాసేపు తగ్గదా?

తీగలాగుడు:
ఫార్వర్డ్ డిలే (పోర్టు తెరిచే ముందు ఆగే సమయం) వల్ల. స్టాండర్డ్‌లో 15 సెకన్లు, అదీ రెండుసార్లు. ఎస్‌టీపీలో వేగమైన రకం ఆర్‌ఎస్‌టీపీ అయితే చటుక్కున మారుతుంది, కానీ లైనక్స్ కెర్నెల్ బ్రిడ్జ్‌లో అది లేదు, ఎంఎస్‌టీపీడీ అనే ప్రోగ్రామ్ విడిగా వేసుకోవాలి. హాస్టల్‌కి అంత టెన్షన్ ఎందుకండీ, వదిలేయండి.