ముసుగు తీసేస్తే బూతులు ఆగుతాయా?

పాతకాపు: సోషల్ మీడియాలో ఈ బూతులకు మూలం ముసుగే. పేరూ మొహమూ లేనివాడికి సిగ్గేమిటి? గుర్తింపు కార్డు చూపిస్తేనే ఖాతా ఇవ్వాలి.

చిరుగాలి: దక్షిణ కొరియాలో ఆ ముచ్చటా అయిపోయింది. పెద్ద సైట్లలో వ్యాఖ్య రాయాలంటే అసలు గుర్తింపు ఇచ్చి తీరాలని 2007లో రూలు పెట్టారు. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టేసింది.

మౌనముని: మా బాబాయి సొంత పేరుతో, సొంత ఫొటోతో తిడతాడు. సిగ్గా, పాడా!

పాతకాపు: మీ బాబాయి మీద కేసు పెట్టొచ్చు. నాకా దారి ఏది? పోయిన మా అమ్మ ఫొటో పెడితే కింద ఒకడు రాసిన మాట ఇక్కడ రాయలేను. ప్రొఫైల్లో పులిబొమ్మ. రిపోర్ట్ కొడితే, మా నియమాలకు విరుద్ధంగా లేదని జవాబు.

చిరుగాలి: దారుణం. కానీ అలాంటివాటిని పైకి లేపేదెవరు? ఫేస్‌బుక్ 2017 నుంచి కొంతకాలం కోపం ఎమోజీకి లైకు కంటే అయిదు రెట్ల విలువ ఇచ్చింది. 2021లో బయటపడ్డ కంపెనీ పత్రాల్లోనే ఉంది. తిట్టినవాడి మీద మండిపడి మనం కోపం కొట్టినా, ఆ పోస్టు ఇంకో నలుగురి కళ్ల ముందుకు వెళ్తుంది.

పాతకాపు: మా అమ్మను తిట్టింది ఎమోజీ కాదు, మనిషి.

రెండోబెంచి: అయిదు రెట్లంటే ఒక్క కోపం అయిదు లైకులతో సమానమా?

చిరుగాలి: అవును.

పాతకాపు: మళ్లీ ఎమోజీ! తిట్టినవాణ్ణి వెనకేసుకురావడానికి ఎన్ని లెక్కలో. మీరూ దొంగపేరేగా, భయమెందుకో అర్థమవుతూనే ఉంది.

చిరుగాలి: భయమే. వదిలేసి వచ్చిన మనిషి ఇప్పటికీ నా కోసం వెతుకుతున్నాడు. మీ రూలు వస్తే పులిబొమ్మవాడి సంగతేమో గానీ ముందు నా నోరు పడిపోతుంది.

పాతకాపు: అది నాకు తెలియదు కదండీ. అయినా కార్డు కంపెనీ దగ్గరే ఉంటుంది, అందరికీ కనిపించదు.

చిరుగాలి: కొరియాలో 2011లో ఒక కంపెనీ సైట్లు హ్యాక్ అయి 3.5 కోట్ల మంది వివరాలు పోయాయి. అవీ కంపెనీ దగ్గరే ఉండేవి. మీ రిపోర్టును తోసేసింది కూడా ఓ కంపెనీయే. అలాంటివాళ్ల చేతికి నా అడ్రసు ఇమ్మంటారా?

మౌనముని: పోలీసులకు చెబితే ఐపీ అడ్రసు తీయించరా?

పాతకాపు: ఎప్పుడో చెప్పాను. కంపెనీ నుంచి జవాబు రావాలంటున్నారు.