రిటర్న్ గిఫ్టుగా 'కొండపల్లి స్టైల్' రెసిన్ బొమ్మలు ఇవ్వచ్చా?

పద్మజ_సత్యనారాయణపురం:
మాఘమాసంలో మా గృహప్రవేశం. రిటర్న్ గిఫ్టులు 150 కావాలి. స్టీలు డబ్బాలు, కుంకుమ బరిణెలు ఇచ్చీ ఇచ్చీ విసుగొచ్చింది. వన్‌టౌన్‌లో ఒక షాపులో ఫ్రిజ్‌కి అంటించుకునే బొమ్మలు చూశాను. ప్రకాశం బ్యారేజీ, వేలెడంత రోలూ రోకలీ, ఎడ్లబండి, అంబారీ ఏనుగు. సన్నికల్లు కీచెయిన్ కూడా ఉంది. ఏదైనా 70 రూపాయలే. ఏనుగు పెట్టె మీద 'కొండపల్లి స్టైల్' అని ఉంది. ఫొటో పెడుతున్నాను. మా మామయ్యగారు గోటితో తట్టి చూసి, "ఇది కర్ర కాదమ్మా, కొండపల్లి పేరు చెప్పి నలుగురికీ పంచొద్దు" అన్నారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

కృష్ణలంక_కిషోర్:
ఇచ్చేయండి అక్కా. 150 మందిలో తట్టి చూసేది మీ మామయ్యగారొక్కరే.

పొణికి_చెట్టు:
మీ మామయ్యగారికి నా నమస్కారం చెప్పండి. మాది కొండపల్లి. మా నాన్న ఇప్పటికీ బొమ్మలు చేస్తారు. తెల్లపొణికి కర్ర తెచ్చి సన్నటి సెగ మీద తేమంతా పోయేదాకా ఆరబెట్టాలి. ఏనుగుకి కాళ్ళు వేరే చెక్కాలి, తొండం వేరే, అంబారీ వేరే, అందులో కూర్చున్న మనిషి వేరే. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు అవుతుంది. ముక్కలన్నీ దాంతో అతికి, నునుపు పట్టి, సున్నం పూసి, అది ఆరాక రంగులు వెయ్యాలి. ఇంతా చేశాక బొమ్మ చేతిలో దూదిపింజలా ఉంటుంది. మీ ఫొటోలోది అచ్చులో పోసిన రెసిన్, ప్లాస్టిక్ లాంటిది. అమ్ముకోవద్దని నేననను. దాని మీద మా ఊరి పేరు ఎందుకు?

విశ్రాంత_ఇంజనీరు:
బ్యారేజీకి 70 గేట్లు. ఫొటోలో లెక్కపెట్టాను, 11 ఉన్నాయి.

షాపు_శ్రీను:
ఇరవై ఏళ్ళుగా బీసెంట్ రోడ్డులో గిఫ్టు షాపు నడుపుతున్నాను. ఫొటోలోది నా షాపు కాదు గానీ ఆ సరుకు నేనూ అమ్ముతాను. 'కొండపల్లి' అని ఎవరూ రాయలేదు, 'కొండపల్లి స్టైల్' అని రాశారు. రెండిటికీ తేడా ఉంది. అమెరికా వెళ్ళేవాళ్ళు పెట్టెలో పట్టేది, విరగనిది అడుగుతారు. కర్ర ఏనుగు కొనుక్కెళ్ళి తొండం ఊడిందని ఫోన్ చేసి తిట్టినవాళ్ళున్నారు. ఫ్రిజ్ మీద ఎడ్లబండి చూసి అక్కడి పిల్లాడు ఇదేంటని అడిగితే మన ఊరు తలుచుకున్నట్టే కదా?

తెనాలి_అన్నపూర్ణ:
ఏనుగు సంగతి అలా ఉంచండి. పెళ్ళిలో సన్నికల్లు తొక్కించి మెట్టెలు తొడుగుతాం. దాన్ని తాళంచెవులకి కట్టి ప్యాంటు జేబులో కుక్కుకోవడమా? నాకు మనసొప్పలేదు.

బ్రాడీపేట_సుధ:
పిన్నిగారూ, మా పిల్లలు సన్నికల్లు అనేది మొదటిసారి చూసింది కీచెయిన్ మీదే. అది చూశాకే "అమ్మమ్మ వాళ్ళ పెరట్లో ఉందే, అదేనా" అని అడిగారు.

తెనాలి_అన్నపూర్ణ:
అయితే అమ్మమ్మగారింటికి తీసుకెళ్ళి చూపించమ్మా.

పొణికి_చెట్టు:
శ్రీనుగారూ, స్టైల్ అన్నది చీమ తలకాయంత అక్షరాల్లో, కొండపల్లి అన్నది బొటనవేలంత అక్షరాల్లో ఉంది. ఫొటో పెద్దది చేసుకుని చూడండి. మా బొమ్మలకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. ఆ పేరు ఊరిది, అక్కడ చేసేవాళ్ళది.

షాపు_శ్రీను:
అక్షరాలు నేను అచ్చు వేయించానా? ఇంకో మాట. మీ ఊళ్ళో ఒకప్పుడు ఆకుపసర్ల రంగులు వేసేవాళ్ళు, ఇప్పుడు ఎనామిల్ డబ్బాలు కొంటున్నారు. పెన్ను స్టాండ్లూ చేస్తున్నారు. మీరు మారితే కళ, మేం మారిస్తే మోసమా?

పొణికి_చెట్టు:
రంగు మారినా కర్ర మారలేదు, చెయ్యి మారలేదు. పెన్ను స్టాండు చెక్కినా ఉలితోనే చెక్కుతాం. కొండ మీద పొణికి తగ్గిపోయి కర్ర దొరక్క మేం తిప్పలు పడుతుంటే, కర్రే అక్కర్లేదని మీరు సలహా ఇస్తున్నారు.

విశ్రాంత_ఇంజనీరు:
నా మాట ఎవరూ పట్టించుకోలేదు. 1957లో పూర్తయిన బ్యారేజీ, పొడవు 1,223 మీటర్ల పైమాట. గేట్లు తగ్గించి వంపు పెట్టి పూలు అతికిస్తే అది ఏ ఊరి వంతెనైనా కావచ్చు. ఊరి గుర్తుగా ఇస్తున్నప్పుడు ఊరినే ఇవ్వాలి.

కృష్ణలంక_కిషోర్:
అంకుల్, అరచేతిలో పట్టే బొమ్మకి 70 గేట్లు ఎలా పెడతారు?

విశ్రాంత_ఇంజనీరు:
గీతలు గీసినా చాలు.

షాపు_శ్రీను:
కర్ర, కర్ర అంటున్నారు కాబట్టి చెప్తున్నా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నా గోడౌన్ నడుముల్లోతు మునిగింది. సంక్రాంతి కొలువు కోసం ముందే తెచ్చిపెట్టిన కర్ర బొమ్మలు, దశావతారాలు, కల్లుగీత తాడిచెట్లు అన్నీ ఉబ్బి, మక్కు వదిలి, కాళ్ళు చేతులు విడిపోయి బురదలో దొరికాయి. రెసిన్ బొమ్మలు కడిగి తుడిచి అమ్ముకున్నాను. ఆ నెల ఇల్లు గడిచింది వాటితోనే. నా మీద మోసగాడని ముద్ర వేసే ముందు అది గుర్తుపెట్టుకోండి.

బ్రాడీపేట_సుధ:
అయ్యో. వరద మాట మాకు తెలియదండీ.

పొణికి_చెట్టు:
వరదకి నాకూ బాధే. మరి ఆ మునిగిన దశావతారాలకి చేసినవాడికి డబ్బులు కట్టారా?

షాపు_శ్రీను:
అది నాకూ సరుకు ఇచ్చినవాళ్ళకీ మధ్య విషయం.

పొణికి_చెట్టు:
కాదు, అసలు విషయం అదే. పొద్దున్నుంచీ పేరు, కర్ర అంటున్నాను గానీ నా కడుపుమంట వేరే ఉంది. మా నాన్న ఒక షాపుకి (మీది కాదు, పేరు చెప్పను) 42 బొమ్మలిచ్చి 14 నెలలైంది. వెళ్ళినప్పుడల్లా "ఇంకా అమ్ముడవలేదు, అమ్మాక ఇస్తాం" అంటారు. పోయిన నెల నేనే వెళ్ళాను. నా కళ్ళ ముందే రెసిన్ సరుకు దిగింది. దించినవాడికి గల్లాపెట్టె తీసి లెక్కపెట్టి ఇచ్చారు. మా బొమ్మలు అద్దాల బీరువాలో షాపుకి అందానికున్నాయి. ఎదురుగా బల్ల మీద 'కొండపల్లి స్టైల్' పెట్టెలు అమ్ముడవుతున్నాయి. మా బొమ్మ చూపించి అచ్చు బొమ్మ అమ్ముతున్నారు. మా నాన్న బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చి ఉత్తి చేతులతో వెళ్ళారు. నేను ఉలి పట్టకుండా ఉద్యోగంలో చేరింది అందుకే.

తెనాలి_అన్నపూర్ణ:
ఇది ముందే చెప్పాల్సింది బాబూ.

షాపు_శ్రీను:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. అబద్ధం చెప్పను, నేనూ అలాగే చేస్తాను. రెసిన్ వాడు డబ్బు ఇవ్వకపోతే సరుకు దించడు. కొండపల్లి నుంచి వచ్చే పెద్దాయన "తర్వాత ఇవ్వండి బాబూ" అంటాడు, మేం తర్వాతే ఇస్తాం. మునిగిన వాటికి సగం కట్టాను, సగం ఉంది.

పద్మజ_సత్యనారాయణపురం:
మా మామయ్యగారికి అంతా చదివి వినిపించాను. పొణికి_చెట్టుగారూ, చిన్న ఎడ్లబండ్లు 150 మాఘమాసానికి అవుతాయా? ధర ఎంత?

పొణికి_చెట్టు:
మా నాన్నని అడిగి చెప్తున్నానమ్మా. ఒక్కోటి 180 పడుతుంది. ఉన్న కర్రతో 60 అవుతాయి. పచ్చి కర్రతో చేసి ఇవ్వమంటే ఆయన ఒప్పుకోరు.

పద్మజ_సత్యనారాయణపురం:
అయితే 60 చెయ్యమనండి, దగ్గరివాళ్ళకి ఇస్తాం. మిగతా 90 మందికీ ఆ బ్యారేజీ బొమ్మే తీసుకుంటాను, దాని మీద కొండపల్లి పేరు లేదు కాబట్టి. డబ్బు ఎలా పంపాలి?

విశ్రాంత_ఇంజనీరు:
70 గీతలు ఉన్నది దొరికితే చూడండమ్మా.

షాపు_శ్రీను:
పొణికి_చెట్టుగారూ, ఆ షాపు బీరువాలో ఉన్న 42 బొమ్మలు వెనక్కి తెచ్చుకుని నాకివ్వండి. సగం డబ్బు ముందే ఇస్తాను.

పొణికి_చెట్టు:
రెసిన్ వాడికి సగమే ఇస్తున్నారా?

షాపు_శ్రీను:
లేదు. సరే, మొత్తం ఇస్తాను. పాత బాకీ ఉన్న పెద్దాయనకి కూడా ఈ ఆదివారం నేనే వచ్చి ఇస్తాను. మీ ఇల్లు ఎక్కడో చెప్పండి, మీ నాన్నగారిని కూడా కలిసి వెళ్తాను.