చిన్ననాటి పేరు చెరిగిపోయాక ఆకాశవాణి ఆడిషన్‌కు కొత్తవాడిలా వెళ్లడం సబబేనా?

ప్రశ్న: గోదారిగట్టు

అందరికీ నమస్కారం. 12 ఏళ్ల వయసులో నేను ఒక టీవీ పాటల పోటీలో చివరి దశ దాకా వెళ్లాను. ఆ తరువాత రెండేళ్లపాటు దసరా పందిళ్లలోనూ తీర్థాల్లోనూ పెళ్లి విందుల్లోనూ నా పాట లేకుండా మా చుట్టుపక్కల ఊళ్లలో కార్యక్రమం జరిగేది కాదు. 14వ ఏట గొంతు మారింది. ఐదు శ్రుతిలో, అంటే ఎత్తైన ఆధార స్వరంలో, అలవోకగా పలికిన పాటలు బాగా కిందిదైన ఒకటిన్నర శ్రుతికి దిగాయి. పై షడ్జం (పై 'స') అందుకోబోతే గొంతు జారిపోయేది. పిలుపులు తగ్గి, క్రమంగా ఆగిపోయాయి. ఇందులో ఎవరూ నాకు చేసిన అన్యాయం లేదు. మరుసటి ఏడాది మరో పిల్లవాడు వచ్చాడు.

ఇప్పుడు నాకు 32 ఏళ్లు. పగలు ఒక దుకాణంలో లెక్కలు రాస్తూ, సాయంత్రాలు ఇంటి దగ్గర 18 మంది పిల్లలకు సంగీతం చెబుతున్నాను. ఆకాశవాణి లలిత సంగీతం ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టమని గురువుగారు ఏడాదిగా అంటున్నారు. నెగ్గితే మొదట బి గ్రేడ్, అంటే ఆకాశవాణి కళాకారులకిచ్చే శ్రేణుల్లో మొదటి మెట్టు, వస్తుంది. ఒకప్పుడు వేలమంది పేరుపెట్టి పిలిచినవాణ్ని ఇప్పుడు బి గ్రేడ్ కోసం పరీక్షకు నిలబడాలా అని మనసు మొరాయిస్తోంది. ఇంతలో ఒక ఆర్కెస్ట్రావారు నా చిన్ననాటి వీడియోను తెరమీద చూపించి, ఆ వెంటనే నన్ను వేదికపైకి పిలిచి అవే పాటలు పాడిస్తామని, మంచి పారితోషికం ఇస్తామని అడిగారు. ఏది విజయమో, ఏది వెనక్కి నడవడమో తేల్చుకోలేకపోతున్నాను. అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: మృదంగం మాస్టారు

నాయనా, నేను ఆడిషన్లకు పక్కవాద్యం వాయించినవాణ్ని. ఆ రోజుల్లో గాయకుడు స్టూడియోలో, వినేవారు వేరే గదిలో ఉండేవారు. ముఖం కనబడేది కాదు. మీ పాత పేరు ఆ గదిలో మీకు అక్కరకు రాదు, అడ్డమూ రాదు. నిజానికి మీరు భయపడుతున్నది దానికేనేమోనని నాకు తోస్తోంది.

మీకు కలిగిన నొప్పి కొత్తదేమీ కాదు. 1950ల్లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో ఈ వడపోత పద్ధతి వచ్చినప్పుడు, అప్పటికే కచేరీలతో పేరు గడించిన విద్వాంసులు ఎందరో నొచ్చుకున్నారు. వారి కోపం అర్థం చేసుకోదగినదే, ఎందుకంటే వారు అప్పటికే నిరూపించుకున్న గొంతులతో పాడుతున్నారు. మీ సంగతి వేరు. 12 ఏళ్లప్పుడు జనం మెచ్చిన గొంతు, ఇప్పుడు మీ దగ్గరున్న గొంతు ఒకటి కావు. ఈ రెండో గొంతును ఇంతవరకు ఎవరూ సరిగా విననే లేదు. దానికి ఇది మొదటి కచేరీ అనుకోండి. బి తరువాత బి హై, ఏ, టాప్ అని మెట్లున్నాయి, ఎక్కడానికి వయసు చాలా ఉంది.

జవాబు: పాతపాటల పేటిక

ఎమ్మెస్ రామారావు గారిని తలుచుకోండి. గుంటూరు జిల్లా మోపర్రులో 1921లో పుట్టిన ఆయన తెలుగు సినిమా తొలితరం నేపథ్యగాయకుల్లో ఒకరు. 1940లు, 50ల్లో పాడారు. కొత్త గొంతులు వచ్చాయి, అవకాశాలు సన్నగిల్లాయి, 1960ల్లో మద్రాసు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. కథ అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు పాత సినిమాల వివరాలు సేకరించే నాబోటివాళ్లకు తప్ప ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదు.

ఆ తరువాత ఆయన హనుమాన్ చాలీసాను తెలుగు చేసి, సుందరకాండను గేయంగా రాసి, తానే పాడుతూ ఊరూరా గుళ్లలో వినిపించారు. అందులో గమకాల (స్వరాన్ని ఊపి పలికే అలంకారాల) విన్యాసం కంటే కథ చెప్పే నడక ముఖ్యం. సంగీతం రానివాడు కూడా రెండోసారికే వంత పాడగలిగే వరస అది. సినిమాపాటలో ఇమడని తీరిక ఆ గొంతుకు అక్కడ దొరికింది. ఇప్పటికీ తెల్లవారుజామున మా వీధి గుడి మైకులో ఆ సుందరకాండ వినబడుతుంది. జనం ఇచ్చిన 'సుందరదాసు' అన్న పేరే ఆయనకు నిలిచింది. ఆయన పోయిన పేరును తిరిగి సంపాదించుకోలేదు, తన గొంతు ఎవరికి పనికివస్తుందో వారిని వెతుక్కున్నారు.

కాకినాడలో పుట్టిన సినిమా గాయకుడు పి.బి. శ్రీనివాస్ గారూ అంతే. కన్నడంలో కథానాయకుడు రాజ్‌కుమార్‌కు ఏళ్ల తరబడి గొంతునిచ్చారు. 1970ల నడుమ ఆ కథానాయకుడే పాడుకోవడం మొదలుపెట్టాక పాటలు తగ్గితే, చెన్నైలో ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ హోటల్లో కూర్చుని, జేబునిండా రంగురంగుల కలాలతో, అనేక భాషల్లో కవిత్వం రాసుకున్నారు.

జవాబు: వీణ టీచర్

తమ్ముడూ, పైవారు ఎత్తని ఒక్క విషయం నేను చెబుతాను. ఆర్కెస్ట్రా డబ్బును అంత తేలికగా తోసిపుచ్చవద్దు. ఇంట్లో పాఠాలు చెప్పుకునేవారి బతుకు నాకు తెలుసు. పరీక్షల నెలల్లో సగంమంది పిల్లలు మానేస్తారు, ఫీజు అడగడానికి మొహమాటం. పాడి సంపాదించడంలో చిన్నతనమేమీ లేదు. అయితే వీడియో వద్దని చెప్పండి. 12 ఏళ్ల పిల్లవాణ్ని చూపించిన మరుక్షణం 32 ఏళ్ల మనిషి పాడితే, ఎంత బాగా పాడినా శ్రోత ఆ పిల్లవాడినే వెతుకుతాడు. పాటలు మీరే ఎంచుకుని, ఒకటిన్నరలో మంద్రస్థాయి (కింది స్వరాలు) నిండుగా పలికేవి పాడతానని అడిగి చూడండి. ఒప్పుకోకపోతే వారికి కావలసింది మీరు కాదని తెలుస్తుంది.

ఇంకొకటి. ఆ 18 మందిలో గొంతు మారుతున్న మగపిల్లలు ఉంటారు. ఆ వయసులో చాలామంది సంగీతం మానేస్తారు. శ్రుతి తగ్గించి, తారస్థాయి (పై స్వరాల) జోలికి పోకుండా, ఆ ఏడాది ఎలా గడపాలో స్వానుభవంతో చెప్పగలిగే గురువు ఎందరికి దొరుకుతాడు?

మళ్లీ గోదారిగట్టు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఆర్కెస్ట్రావారితో మాట్లాడాను. వీడియో లేకపోతే తమకు కుదరదన్నారు, మర్యాదగానే చెప్పారు. దరఖాస్తు నింపి గురువుగారికి చూపించాను. టీచరుగారు రాసిన చివరి మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా దగ్గర 13 ఏళ్ల కుర్రవాడు ఒకడు నెల్లాళ్లుగా తరగతికి రావడం లేదు. చదువు ఒత్తిడి అనుకున్నాను. నిన్న వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసి 'రండి మాస్టారూ' అన్నాడు, ఆ రెండు మాటల్లోనే గొంతు రెండుసార్లు జారింది. రేపటి నుంచి విడిగా, పొద్దున్నే, ఒకటిన్నర శ్రుతిలో సరళీ స్వరాలు (సంగీతంలో తొలి పాఠాలు) మొదలుపెడుతున్నాము. ఆడిషన్ పాటలకు నా సాధన కూడా అదే శ్రుతిలో, వాడు వెళ్లాక.