పేరు లేని తాతయ్య సైకిలు: చైన్‌వీల్ మాట నమ్మాలా, ఫ్రేము మాట నమ్మాలా?

గోదారిగట్టు:
పండక్కి ఊరెళ్ళినప్పుడు పశువుల పాకలోంచి మా తాతయ్య సైకిలు బయటికి తీశాం. నలుపు రంగు, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. హ్యాండిల్ కింద గొట్టం మీద కంపెనీ బిళ్ల లేదు. ఒకదాని కింద ఒకటి రెండు చిన్న చిల్లులు మాత్రం మిగిలాయి. ఎన్నిసార్లు రంగు వేయించారో ఏమో, ఫ్రేము మీద ఎక్కడా పేరు లేదు. పెడళ్ళ దగ్గర చైను తిప్పే పళ్ళ చక్రంలో, అంటే చైన్‌వీల్‌లో మాత్రం బి, ఎస్, ఏ అక్షరాలు కోసి ఉన్నాయి. నాన్న బీఎస్ఏ అంటారు. బాబాయి ర్యాలీ అంటాడు, తాతయ్య నోటే విన్నాడట. పండగ మూడు రోజులూ ఇదే గొడవ. పాత సామాను కొనే ఒకాయన వచ్చి "పేరు తేలితే ఒక రేటు, తేలకపోతే ఇనుము రేటు" అని వెళ్ళాడు. అమ్మే ఉద్దేశం లేదు గానీ ఆ మాట మనసులో పడిపోయింది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాతఇనుము:
చైన్‌వీల్ మీద అంత పెద్ద అక్షరాలుంటే ఇంకా అనుమానం ఏంటండీ? బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవాళ్ళు కలిసి పెట్టిన కంపెనీ. అందుకే వాళ్ళ గుర్తులో మూడు తుపాకులుంటాయి. ఆ గుర్తున్న కొత్త బిళ్లలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఒకటి తెప్పించి ఆ రెండు చిల్లులకీ రివెట్ కొట్టేయండి. మీ నాన్నగారు గెలిచారు.

మిడ్‌ల్యాండ్స్‌తెలుగు:
ఆగండాగండి. బీఎస్ఏ సైకిళ్ళే కాదు, సైకిలు సామాను కూడా విడిగా అమ్మేది. లగ్గులు (ఫ్రేము గొట్టాలు కలిపే అతుకులు), హబ్బులు (చక్రాల మధ్య భాగాలు), బీబీ సెట్లు (పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ సామాను), చైన్‌వీళ్ళు, అన్నీ. నేనుండేది బర్మింగ్‌హామ్ దగ్గరే. ఇక్కడ ఒకప్పుడు ఊరికో చిన్న సైకిలు షాపు ఆ సామాను కొని, సొంతంగా ఫ్రేము కట్టి, తన పేరు వేసుకుని అమ్మేది. "బీఎస్ఏ ఫిట్టింగులతో కట్టినది" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు కూడా. కాబట్టి ఆ మూడక్షరాలు చైన్‌వీల్ ఎవరిదో చెబుతాయి, అంతే. ఫిలిప్స్ పెడళ్ళ సంగతీ, బ్రూక్స్ సీటు సంగతీ అదే. సీటు చూసి సైకిలు పేరు చెప్పడం, చెప్పులు చూసి ఇంటిపేరు చెప్పడం లాంటిది.

కోఠిమెకానిక్:
మిడ్‌ల్యాండ్స్ అన్న చెప్పింది కరెక్టే. నేను ఇంకో మాట చెబుతా. చైన్‌వీల్ అరిగిపోయే సామాను. పళ్ళు రంపంలా అయితే చైను ఎగిరిపోతది, మార్చాల్సిందే. ఆ రోజు షాపులో ఏది దొరికితే అది వేసేది. నా చేతులతోనే హెర్క్యులిస్‌కి ర్యాలీ చైన్‌వీల్ ఎక్కించిన. డెబ్భై ఏళ్ళు తిరిగిన సైకిలు మీద మొదటి రోజు సామాను ఎంత మిగులుతుంది భయ్యా? ఫ్రేము ఒక్కటే. ముందు చక్రం పట్టుకునే ఫోర్కు కూడా గ్యారంటీ లేదు, గుద్దుకుంటే ముందు పోయేది అదే.

పాతఇనుము:
సరే, ఫ్రేమే చూద్దాం. ఫ్రేములన్నీ ఒకేలా ఉంటాయి కదా! నల్ల గొట్టాలు. దేన్ని చూసి చెబుతారు?

మిడ్‌ల్యాండ్స్‌తెలుగు:
ఒకేలా ఉండవు. హంబర్ అయితే ఫోర్కు ఒక్కో పక్క రెండేసి సన్న గొట్టాలతో ఉంటుంది, పది గజాల దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. ర్యాలీ ఫోర్కు పైభాగాన, రెండు పక్కలా గుండ్రటి టోపీల్లాంటివి ఉంటాయి. (చైన్‌వీల్లో అయితే ర్యాలీకి కొంగ, రడ్జ్‌కి అరచెయ్యి. వాటిని సాక్ష్యంగా తీసుకోవద్దని ఇప్పుడే అనుకున్నాం.)

అన్నిటికంటే గట్టి ఆధారం కంటికి కనపడదు. బీబీ కప్పు విప్పి త్రెడ్ లెక్కపెట్టండి. మామూలు ఇంగ్లిష్ సైకిళ్ళకి అంగుళానికి 24 చుట్లు. ర్యాలీ మాత్రం పట్టుబట్టి 26 పెట్టుకుంది. బయట షాపు కప్పు కొనితెస్తే ర్యాలీకి ఎక్కదు, అదీ బాధ. హంబర్‌ని 1932లో, రడ్జ్‌ని 1943లో ర్యాలీ కొనేసింది కాబట్టి 26 వచ్చిందంటే ర్యాలీ కుటుంబం అనుకోవచ్చు, ఏ కొడుకో మాత్రం చెప్పలేం.

సాయంత్రంషికారు:
హబ్బు మీద సంవత్సరం కొట్టి ఉంటుందిగా, అది చూడొచ్చుగా?

కోఠిమెకానిక్:
అది స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బుకి. దాని మీద కూడా హబ్బు ఎప్పటిదో తెలుస్తది గానీ సైకిలు ఎవరిదో తెల్వదు. ఈయనది మామూలు ఫ్రీవీల్ హబ్బు.

గోదారిగట్టు:
నాలుగు రోజులు పట్టింది, ఏమనుకోకండి. పెడలు కాడని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను రాలేదు. కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు సుత్తితో కొడితే వంగిపోయింది. చివరికి డ్రిల్లు పెట్టి తీశాం. లేతు షాపు అబ్బాయి గేజి పెట్టి చూశాడు. 24. ఫోర్కు కాడ కూడా 24. ఫోర్కు పైన టోపీలు లేవు, చదునుగా ఉంది. బాబాయి మొహం చూడాల్సింది.

పాతఇనుము:
ఇంకేం, బీఎస్ఏ అని తేలిపోయింది. చెప్పానా!

మిడ్‌ల్యాండ్స్‌తెలుగు:
ర్యాలీ కాదని తేలింది. బీఎస్ఏ అవునని తేలలేదు. ఈ రెండూ ఒకటి కాదు. 24 త్రెడ్ వాడిన కంపెనీలు బోలెడు: హెర్క్యులిస్, ఫిలిప్స్, చిన్న షాపులవాళ్ళు. బీబీ గొట్టంలో త్రెడ్ కొత్తగా కోయించారేమో అన్న అనుమానం నాకూ ఉండేది, ఫోర్కు కూడా 24 అన్నారు కాబట్టి అది తగ్గింది. బాబాయిగారి మాట కూడా పూర్తిగా కొట్టిపారేయను. మా ఇంట్లో ఏ బిస్కెట్టయినా మా అమ్మమ్మకి ఒకటే పేరు. ఆ రోజుల్లో మంచి సైకిలు దేన్నయినా ర్యాలీ అనే ఇళ్ళు ఉండవా?

కోఠిమెకానిక్:
అసలు ఇంగ్లండు బండే అని ఎవరన్నరు? బొంబాయిలో హింద్ సైకిల్స్ స్వాతంత్ర్యానికి ముందు నుంచే ఉంది. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ కంపెనీ 1949లో పెట్టిన్రు, అక్కడ హెర్క్యులిస్ బండ్లు తయారైనయి. తాతగారు ఎప్పుడు కొన్నరో తెలిస్తే సగం పేర్లు అక్కడే కొట్టేయొచ్చు.

గోదారిగట్టు:
దానికి ఆధారం ఉంది! తాతయ్య, నానమ్మ పెళ్ళయిన కొత్తలో 1948లో తీయించుకున్న ఫొటో. తాతయ్య సైకిలు పట్టుకుని నిలబడ్డారు. అట్ట వెనక సంవత్సరం రాసి ఉంది. స్కాన్ చేసి పెద్దది చేశాం. బిళ్ల మసకగా ఉంది గానీ చైన్‌వీల్ బాగా కనిపిస్తోంది. అందులో అక్షరాలు లేవు! ఏదో పువ్వు రేకుల్లాంటి డిజైన్.

కోఠిమెకానిక్:
అంటే ఇప్పుడున్న చైన్‌వీల్ తర్వాత ఎక్కించిందే. నేను చెప్పిందే.

పాతఇనుము:
లేదా ఫొటోలో ఉన్నది వేరే సైకిలు.

మిడ్‌ల్యాండ్స్‌తెలుగు:
ఈసారి పాతఇనుముగారితో నేనూ ఏకీభవిస్తున్నా, రాసిపెట్టుకోండి. ఫొటోలో ఫోర్కు పైభాగం, సీటు గొట్టం కలిసే చోటు లగ్గు ఆకారం, మడ్‌గార్డు కమ్మీ ఎక్కడ బిగించారో చూడండి. అవి మీ ఫ్రేముతో సరిపోతేనే అది ఈ సైకిలు. ఇంకోటి, సీటు కింద లగ్గు మీదా బీబీ గొట్టం అడుగునా రంగు కొద్ది కొద్దిగా థిన్నర్‌తో తీయండి, ఇసుక కాగితం వద్దు. నంబరు దొరకొచ్చు. కింది పొరల్లో బంగారు గీతలో, అమ్మిన షాపు స్టిక్కరు ముక్కో కూడా దొరకొచ్చు. బిళ్ల చిల్లుల మధ్య దూరం కూడా కొలిచి పెట్టండి, అసలు బిళ్లలతో పోల్చి చూద్దాం. తుపాకుల బిళ్ల మాత్రం దయచేసి కొట్టొద్దు. ఇంకో ముప్ఫై ఏళ్ళకి మీ మనవడు ఇదే ప్రశ్న అడుగుతాడు, ఆ బిళ్ల చూపించి మళ్ళీ ఇంకో పాతఇనుముగారు గెలుస్తారు.

పాతఇనుము:
నా సైకిలుకి నేను కొట్టుకున్నా. ఎవరికి నష్టం?

మిడ్‌ల్యాండ్స్‌తెలుగు:
మీ దగ్గరే ఉన్నంతకాలం ఎవరికీ లేదు. అమ్మేటప్పుడు బిళ్ల కొత్తదని చెబుతారా?

గోదారిగట్టు:
చిల్లుల మధ్య దూరం 57 మిల్లీమీటర్లు. సీటు లగ్గు దగ్గర మూడు పొరలు తీశాం: నలుపు, ఆకుపచ్చ, మళ్ళీ నలుపు. నాలుగంకెలు కనిపిస్తున్నాయి, ముందు ఏదో అక్షరం ఉంది, తుప్పు తినేసింది.

ఫొటో సంగతి. లగ్గులు పోల్చుదామని నానమ్మ ముందు ఫోన్లో పెద్దది చేసి చూస్తున్నాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అది మన సైకిలు కాదురా, స్టూడియోవాడిది. వచ్చినవాళ్ళందరి చేతికీ అదే ఇచ్చేవాడు" అంది. మనది ఏ కంపెనీదని అడిగితే, "నల్లది" అంది.