ట్రెయిలర్ తగిలిస్తే పికప్ వెనక కూర్చుంటోంది: ఎయిర్ బ్యాగులా, రబ్బరు స్ప్రింగులా?

డాలస్_పికప్:
ఫోర్డ్ ఎఫ్-150 సూపర్ క్రూ పికప్, వెనక సామాను వేసే తొట్టి (బెడ్) ఐదున్నర అడుగులు. 6,500 పౌండ్ల ట్రావెల్ ట్రెయిలర్ తగిలిస్తే వెనక రెండున్నర అంగుళాలు దిగుతోంది. టంగ్ వెయిట్, అంటే ట్రెయిలర్ ముందు కొస బండి మీద మోపే బరువు, తూకం వేస్తే 800 పౌండ్లు. వెనక స్ప్రింగులకి తోడుగా ఎయిర్ లిఫ్ట్ కంపెనీ గాలి బ్యాగులు మేలా, టింబ్రెన్ కంపెనీ రబ్బరు స్ప్రింగులు మేలా? టంగ్ బరువులో కొంత స్ప్రింగు బార్లతో ముందు చక్రాల మీదికి తెచ్చే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇంకా కొనలేదు.

గాలిదిండు:
కళ్లు మూసుకుని బ్యాగులు వేయించండి. ఎయిర్ లిఫ్ట్ వాళ్ల లోడ్‌లిఫ్టర్ 5000 బ్యాగుల్లో 5 నుంచి 100 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఎంత కావాలంటే అంత కొట్టుకోవచ్చు. ట్రెయిలర్ విప్పాక 5కి దించేస్తే మామూలు బండే. రబ్బరుకి ఆ వీలు లేదు.

కమాన్‌కట్ట:
ముందు హిచ్ కొనండి, తర్వాత మిగతావి. వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 145 అంగుళాలు, వెనక యాక్సిల్ నుంచి బాల్ (ట్రెయిలర్ కూర్చునే గుండు) దాకా సుమారు 65 అనుకుందాం. 800ని 65తో గుణించి 145తో భాగిస్తే దాదాపు 360. అంటే ముందు యాక్సిల్ మీంచి 360 పౌండ్లు లేచిపోయి, వెనక 1,160 పడ్డాయి. బ్యాగులో గాలి కొడితే బండి తిన్నగా కనిపిస్తుంది, అంతే. ఆ 360 మాత్రం ముందుకి రాదు. స్టీరింగ్ తేలిపోవడం అలాగే ఉంటుంది, పైగా కంటికి ఆనదు కాబట్టి ఇంకా ప్రమాదం. రిసీవర్ (బండి వెనక హిచ్ దూర్చే గొట్టం) మీద స్టిక్కర్ కూడా చదవండి. చాలా ఎఫ్-150లకి డిస్ట్రిబ్యూషన్ లేకుండా 5,000 పౌండ్ల ట్రెయిలర్, 500 టంగ్ వరకే అనుమతి. మీరు ఇప్పటికే దాటేశారు.

టింబ్రెన్_పక్షం:
హిచ్ విషయంలో అన్నతో పేచీ లేదు. ఆ తర్వాత కూడా వెనక కాస్త దిగితే రబ్బరే నయం. గొట్టాల్లేవు, లీకుల్లేవు. బండితో వచ్చిన బంప్ స్టాప్ (యాక్సిల్ పైకొచ్చి ఛాసిస్‌కి తగలకుండా ఆపే దిమ్మ) తీసి అక్కడే బిగిస్తారు. ఖాళీ బండికి రబ్బరుకీ యాక్సిల్‌కీ మధ్య అర నుంచి ఒకటిన్నర అంగుళం సందు ఉండాలి. సందు లేకుండా బిగిస్తే ఖాళీ బండిలో కూడా వంతెన జాయింట్ల దగ్గర నడుం విరుగుతుంది. ఆ తప్పుకి రబ్బరుని తిడతారు.

గాలిదిండు:
లీకులు బ్యాగు తప్పు కాదు, బిగించినవాడి తప్పు. గొట్టాన్ని కటింగ్ ప్లయర్‌తో నొక్కి కోస్తే కొస చదునైపోతుంది, ఫిట్టింగ్‌లోంచి సన్నగా కారుతూనే ఉంటుంది. పదునైన బ్లేడుతో అడ్డంగా, తిన్నగా కోసి, లోపలికి ఆగేదాకా నొక్కండి. సైలెన్సర్ గొట్టానికి ఆరంగుళాలు ఎడం. తర్వాత సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడండి. రెండు బ్యాగులకీ 'టి' ఆకారపు జాయింట్ పెట్టి ఒకే గొట్టం వేయొద్దు. మలుపులో బరువు పడ్డ వైపు గాలి అవతలి బ్యాగులోకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. ఛాసిస్‌ని జాకీతో ఎత్తేటప్పుడు యాక్సిల్ కిందికి వేలాడి బ్యాగు సాగి చిరగకుండా చూసుకోవాలి.

కమాన్‌కట్ట:
ఒప్పుకుంటాను. బెడ్‌లో కంకరో, టైల్సో వేసేవాళ్లకి బ్యాగులే సరి, ఎందుకంటే అక్కడ హిచ్ చేసేదేమీ లేదు. వాళ్లు లోడ్‌లిఫ్టర్‌లో అల్టిమేట్ రకం తీసుకోవాలి, బ్యాగు లోపలే బంపర్ ఉంటుంది కాబట్టి గాలి పోయినా ఇనుముకి ఇనుము తగలదు. మన లారీ షెడ్లలోలా అదనంగా కమాన్ పట్టీ వేయించొద్దు, ట్రెయిలర్ లేని రోజుల్లోనూ ఆ గట్టిదనం భరించాలి. రామ్ 1500కి వెనక కాయిల్ స్ప్రింగులు, దాని బ్యాగు వేరు: ఎయిర్ లిఫ్ట్ 1000, 35 పీఎస్‌ఐ దాటకూడదు.

డాలస్_పికప్:
హిచ్, బ్యాగులు రెండూ ఉంటే ముందు ఏది సర్దాలి?

కమాన్‌కట్ట:
బ్యాగుల్లో 5 పీఎస్‌ఐ ఉంచి, ట్రెయిలర్ లేకుండా ముందు ఫెండర్ (చక్రం పై రేకు) ఎత్తు కొలవండి, 38 అంగుళాలనుకోండి. ట్రెయిలర్ తగిలించి, హిచ్ బార్లు పెట్టకుండా మళ్లీ కొలవండి, 39 వచ్చిందనుకోండి. బార్లు బిగించి 38న్నరకి తెండి, పెరిగినదాంట్లో సగం తగ్గాలి. మీ మోడల్ మాన్యువల్ వేరే చెబితే అదే పాటించండి. ఆ తర్వాతే, వెనక ఇంకా దిగి ఉంటేనే, ఐదేసి పీఎస్‌ఐ చొప్పున గాలి. ప్రతిసారీ ముందు ఎత్తు మళ్లీ చూడాలి. బ్యాగులు బాల్‌ని ఎత్తితే బార్ల వంపు తగ్గి, ముందుకి తెచ్చిన బరువు మళ్లీ వెనక్కి పోతుంది.

టింబ్రెన్_పక్షం:
అన్నిటికన్నా ముందు డోర్ దగ్గరున్న పసుపు స్టిక్కర్ చూశారా? అందులో మనుషులూ సామానూ కలిపి బండి మోయగల బరువు 1,480 పౌండ్లని ఉందనుకుంటే టంగ్ 800, హిచ్ 90, ఇంట్లో నలుగురు 560 కలిపి 1,450. మిగిలింది 30. బ్యాగైనా, రబ్బరైనా ఆ అంకెని పెంచదు.

డాలస్_పికప్:
మరి కూలర్, సైకిళ్లు?

టింబ్రెన్_పక్షం:
ట్రెయిలర్‌లో, సరిగ్గా దాని యాక్సిళ్ల మీద. నీళ్ల ట్యాంకు యాక్సిల్‌కి ముందుంటే ఖాళీ చేసి బయల్దేరండి. 40 గ్యాలన్లంటే 330 పౌండ్లు, అందులో మంచి వాటా టంగ్ మీదే పడుతుంది.